వక్కల దీవిలో అమ్మతో ఒక రోజు

అమ్మ మలేసియా వచ్చి మూడు వారాలైంది. పొద్దున్నే నేను ఆఫీసుకు పోతే, మళ్ళీ సాయంత్రం దాకా కౌలాలంపూర్ ఫ్లాటు బాల్కనీలో కూర్చుని కింద పోయే కార్లు చూడడమే ఆవిడకు కాలక్షేపం. "మనుషులు నడిచే ఊరు ఒకటి చూపించవే" అంది ఒకనాడు. ఆ శనివారమే ఇద్దరం బట్టర్‌వర్త్ రైలెక్కాం.

నాలుగు గంటల ప్రయాణం. రైలు దిగి ఫెర్రీ ఎక్కితే పావుగంటలో పినాంగ్ దీవి మీది జార్జిటౌన్ ఊరు. పినాంగ్ అంటే మలయ్ భాషలో వక్క అనీ, పులావ్ పినాంగ్ అంటే వక్కల దీవి అనీ పడవలో చెప్పాను. అమ్మ వెంటనే బొడ్డున దోపుకున్న సంచి తీసి ఒక పలుకు బుగ్గన పెట్టుకుంది. "అయితే మన ఊరే" అంది.

రాత్రికి అక్కడే గది తీసుకున్నాం కాబట్టి తొందర లేదు. 833 మీటర్ల కొండ ఉంది, 1923 నుంచి దానిమీదికి రైలు ఉంది, కెక్ లోక్ సీ అనే పెద్ద బౌద్ధాలయం ఉంది. వేటికీ వెళ్ళలేదు. అమ్మ మోకాళ్ళు ఎంత దూరం నడవనిస్తే అంత దూరమే ఊరు అనుకున్నాం.

ముందుగా మస్జిద్ కపితాన్ కెలింగ్ వీధి. ఒక చివర 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, కొంచెం ముందుకొస్తే చైనావాళ్ళ కువాన్ యిన్ గుడి, ఆ వెనక వీధిలో 1833లో కట్టిన మారియమ్మన్ కోవెల, ఇంకాస్త నడిస్తే 1801లో మొదలైన మసీదు. కువాన్ యిన్ గుడి ముందు మా చేయంత లావు అగరువత్తులు కాలుతున్నాయి. అమ్మ ఆ పొగలో నిలబడి చేతులు జోడించింది. ఏ దేవతో అడగలేదు.

మసీదు దగ్గర "కెలింగ్ అంటే ఏటే?" అంది. ఆ మాట కళింగ నుంచి వచ్చిందంటారు. మాది కళింగపట్నం పక్క పల్లె. మా ఒడ్డు పేరు సముద్రం దాటి వచ్చి ఇక్కడ మసీదు మీద నిలిచిందనుకుంటే ఒళ్ళు పులకరించింది. కానీ ఇప్పుడు ఈ దేశంలో భారతీయుల్ని అలా పిలిస్తే అది తిట్టు. అమ్మకు రెండూ చెప్పాను. "పేరుదేం తప్పు, పలికే నోటిది గానీ" అని, నీడలో కాసేపు కూర్చుంది.

ఆకలేసింది. పినాంగ్ రోడ్డు పక్క సందులో చెండోల్ బండి ఉంది. 1936 నుంచి అమ్ముతున్నారట. దాని పక్కనే ఆసాం లక్సా. ఆసాం అంటే పులుపు, చింతపండును కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ఉడికించి చిదిపిన కానాగడత చేపలు, చింతపండు పులుసు, లావుపాటి బియ్యపు సేమ్యా, పైన సన్నగా తరిగిన కీరా, అనాస, ఉల్లి, పుదీనా. చెంచాతో నల్లగా చిక్కగా ఉండే రొయ్యల ముద్ద ఇస్తారు, కలుపుకుంటే పులుసు రంగే మారిపోతుంది.

అమ్మ మొదటి గుటక మింగి కళ్ళు మూసుకుంది. "ఓలమ్మా, పులుసే. ఇంగువ లేదు, మెంతులు లేవు గానీ పులుసే." ఇంకో గుటక తాగి, "ఇందులో ఒక పువ్వు వాసనుందే" అంది. నిజమే. బుంగా కంటాన్ అనే మొగ్గ, అల్లం జాతిది, సన్నగా తరిగి వేస్తారు. నాకు మూడేళ్ళుగా తెలిసిన వంటకం అది. అందులో పువ్వు ఉందని నేనెప్పుడూ పట్టించుకోలేదు. అమ్మ లేచి బండి దగ్గరికెళ్ళి వేలితో చూపించింది. వండే ఆవిడ నవ్వి ఒక మొగ్గ తీసి ఇచ్చింది, డబ్బులిస్తే వద్దంది. అరచేయంత పొడవు, గులాబీ రంగు రేకులు ఒకదానిమీద ఒకటి గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. గోటితో గీరితే అల్లం, నిమ్మ కలిసినట్టు ఘాటు. అమ్మ దాన్ని చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది.

తర్వాత చెండోల్. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, గులా మెలాకా బెల్లం, రాజ్మా, ఆకుపచ్చ తాలికలు. "పాలతాలికలే కదే, చల్లగా చేసేరు." ఆ పచ్చరంగు, వాసన పాండన్ ఆకువి. మన ఒడ్డున పెరిగే మొగలిపొదల కుటుంబమే అది. అది విన్నాక అమ్మ ఇంకో గిన్నె తెప్పించుకుంది.

సాయంత్రం చ్యూ జెట్టీ. నీళ్ళలో పాతిన గుంజల మీద ఇళ్ళు, మధ్యన చెక్కబల్లల దారి. ఒక గుమ్మంలో ముసలాయన రేడియో వింటున్నాడు. అమ్మ ఆగి చూసింది, ఆయన తలూపాడు, ఈవిడా తలూపింది.

రాత్రి నాసి కందార్. అన్నం మీద నాలుగు రకాల కూరల పులుసు కలిపి పోస్తారు. కందార్ అంటే కావిడి. పూర్వం తమిళ ముస్లింలు అన్నం, కూరలు కావిడిలో మోసుకొచ్చి రేవు కూలీలకు అమ్మేవారు. అమ్మ తినడం ఆపింది. "నా సారె మీ తాత కావిడిలోనే మోసుకొచ్చేడే. ఒకవైపు అరిసెలు, ఒకవైపు సున్నుండలు. ఎనిమిది మైళ్ళు. భుజం కాయ కట్టిపోనాది." తాత గురించి ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. తిన్నంతసేపూ ఆయన కబుర్లే.

గదికి వచ్చాక రుమాలు విప్పి మొగ్గ మీద నీళ్ళు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి కిటికీ దగ్గర పెట్టింది. దీపం తీశాక చీకట్లోంచి అడిగింది: "మీ కౌలాలంపూర్లో కానాగడతలు పొద్దున్నే దొరుకుతాయేటే?"