అనంతగిరిలో కాళ్ల కింద చూడాలి

అనంతగిరికి వెళ్లొచ్చామని చెప్పగానే అందరూ అడిగేది వ్యూపాయింట్ గురించే. మా తోడికోడలికీ అదే ధ్యాస. ‘పైనుంచి లోయ కనబడుతుందట కదా అక్కా’ అని వికారాబాద్ స్టేషన్లో దిగిన దగ్గర్నుంచీ ఒకటే పాట. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన నాకు మాత్రం చూపంతా నేల మీదే.

అసలు ఆ చూడటం రైల్లోనే మొదలుపెట్టాలి. లింగంపల్లి చుట్టుపక్కల ఎటు చూసినా గ్రానైట్ బండలు. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. శంకరపల్లి దాటాక ఆ గుండ్లు మెల్లగా మాయమై నల్లరేగడి చేలు వస్తాయి: కంది, పత్తి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పారిన లావా చల్లబడి నల్లరాయి అయింది. ఆ రాయి చితికిన మట్టే ఈ రేగడి. పేరుకు గంటన్నర ప్రయాణం, దాటేది రెండువందల నలభై కోట్ల ఏళ్లకు పైనే! కిటికీ పక్కన కూర్చున్న కుర్రాళ్లు తల దించి ఫోను చూసుకుంటుంటే నాకు బెత్తం గుర్తొచ్చింది.

ఆటో దిగి గుట్టెక్కితే నేల మళ్లీ మారుతుంది. ఈసారి ఎరుపు. అది లాటరైట్. ఎండకూ వానకూ ఆ నల్లరాయే యుగాల తరబడి నాని, కరిగేవన్నీ కొట్టుకుపోయి, మిగిలిన ఇనుము తుప్పుపట్టిన రంగది. రాయి నిండా చిల్లులే. అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర్నుంచి అడవిలోకి దిగే బాటలో చిన్న చిన్న గుండ్రటి రాళ్లు శనగలు పోసినట్టు జారుతుంటాయి. చెప్పులతో రావద్దు, పట్టున్న బూట్లు కావాలి. భాద్రపదంలో వెళ్తే తంగేడు పూత మీద ఉంటుంది.

ఆ చిల్లుల్లోంచే వాన నీరు లోపలికి ఇంకుతుంది. కింద గట్టి రాయి తగలగానే ఇంకడానికి దారిలేక గుట్ట పక్కల్లోంచి ఊటగా బయటికొస్తుంది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. గండిపేట నింపి, నగరం మధ్యగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇక్కడ చీర తడవకుండా దాటగలిగేంత పాయ. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచెత్తిందీ ఇదే. ఆ వరద తర్వాతే గండిపేట ఆనకట్ట కట్టారు, 1920లో పూర్తయింది.

ఈ మాటలన్నీ చెబుతుంటే మా తోడికోడలు ఓపిగ్గా విని, ‘మరి వ్యూపాయింట్ ఎటక్కా?’ అంది. తీసుకెళ్లాను. జనం, మొక్కజొన్న పొత్తులు, స్పీకర్లో పాటలు. శని, ఆదివారాలు మానుకుని మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్లండి. సంచీలో నీళ్లు, పులిహోర పెట్టుకోండి; ఖాళీ సీసా మళ్లీ సంచీలోకే రావాలి. ఈసారి భువనగిరి కోట ఎక్కుదామంటోంది తను. అదంతా ఒకే రాతి గుట్ట. మెట్లకు మోకాళ్లు ఒప్పుకోవాలి గానీ నేను సిద్ధమే.