డెబ్భై ఒకటి దాటితే ఉత్తరం రాదు

ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి జీపీ సర్జరీలో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా ఆరేళ్ల నుంచి చేస్తున్నాను. సర్జరీ అంటే ఇక్కడ కోతలూ కుట్లూ కాదు, మన డాక్టరు గారి క్లినిక్ లాంటిదే. బీపీ చూడడం, రక్తం తీయడం, 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకి ఐదేళ్లకోసారి జరిగే హెల్త్ చెక్ నా పని.

ఈ దేశంలో ఒంట్లో బాగున్నప్పుడే పరీక్షకి రమ్మని ఇంటికి ఉత్తరం వస్తుంది. 50 నుంచి 74 వరకు ఆడా మగా అందరికీ రెండేళ్లకోసారి పేగు క్యాన్సర్ కిట్ పోస్టులో పంపుతారు. పుల్లతో మలం కొంచెం తీసి, చిన్న సీసాలో పెట్టి తిరిగి పోస్టు చేయాలి, అంతే. అయినా మగవాళ్లు వెనకడుగు వేస్తారు. భార్య తనది ఎప్పుడో పంపేసి ఉంటుంది, ఆయన కిట్ మాత్రం సొరుగులోనే పడి ఉంటుంది. పైగా అది నాకు చెప్పేది కూడా ఆవిడే.

మగవాళ్లకి 65వ ఏట ఒక్కసారి కడుపు స్కాన్ ఉంటుంది. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఎక్కడైనా ఉబ్బిందా అని చూస్తారు. పావుగంట పని. 3 సెంటీమీటర్లు దాటితే కనిపెట్టుకుని ఉంటారు, 5.5 దాటితే సర్జన్ దగ్గరికి పంపుతారు. ఉబ్బినా నొప్పి ఉండదు, పగిలితే మాత్రం పదిమందిలో ఎనిమిదిమంది దక్కరు. ఆడవాళ్లలో అరుదు కాబట్టి వాళ్లని పిలవరు. ఎక్కువగా వచ్చేది పొగ తాగేవాళ్లకి. భార్య పోరు పడలేక వెళ్లిన ఒకాయనకి 4.6 ఉందని తేలింది. ఇప్పుడు మూడు నెలలకోసారి స్కాన్‌కి వెళ్తున్నాడు.

ఆడవాళ్ల సంగతి వేరు. రొమ్ము క్యాన్సర్ ఉందేమో చూసే ఎక్స్‌రేకి 71వ పుట్టినరోజు దాకా మూడేళ్లకోసారి పిలుస్తారు, ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోతాయి. మొన్న భర్తని బీపీకి తీసుకొచ్చిన ఒక పెద్దావిడని మాటల్లో అడిగాను. 73 ఏళ్లావిడ. "ఉత్తరం రావడం లేదు కదమ్మా, ఇక నాకు ఆ భయం లేదనుకున్నాను" అంది. నాకు మనసు చివుక్కుమంది. వయసుతో పాటు ఆ ముప్పు పెరుగుతుందే గానీ తగ్గదు. ఆ వయసులో అందర్నీ పిలిస్తే మేలెంతో, అనవసరపు వైద్యం ఎంతో ఇంకా తేలక పిలవడం లేదు. కావాలంటే మనమే ఫోన్ చేసి అడగవచ్చు. ఈ మాట ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నంబరు కాగితం మీద రాసిచ్చాను.

ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. అమ్మకి 68. నాన్న షుగరు పరీక్ష ఏ తేదీనో, గుండె మాత్ర ఏ పూటో ఆవిడకి కంఠతా వచ్చు. "మరి నీ పరీక్షలు?" అంటే, "నాకేం నొప్పే? ఆశా అమ్మాయి వచ్చి కాగితం నింపుకుని వెళ్లిందిలే" అంది. ముప్పై దాటిన వాళ్లందరి దగ్గరా అక్కడ ఆ కాగితం నింపుతారు. రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. ఏం చెప్పావని అడిగాను. "మీ నాన్న వరండాలోనే కూర్చునుంటే ఏం చెప్తాను? లేవన్నాను."

చూసుకోకుండానే లేవంది. నేను ఇక్కడ రోజూ పరాయి వాళ్ల అమ్మల్ని అడుగుతున్నాను, మా అమ్మని అడగడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

నాన్న సంగతీ అప్పుడే చెప్పాను. ఆయనకి 74, నలభై ఏళ్లు చుట్ట కాల్చిన మనిషి. ఒకసారి కడుపు స్కాన్ తీయించమన్నాను.

రెండు వారాలకి వదిన అమ్మని గుంటూరు తీసుకెళ్లింది. సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది. "గడ్డలేం లేవన్నారు. ఆ పలకల మధ్య పెట్టి నొక్కుతుంటే ప్రాణం పోయిందనుకో. అది సరే గానీ, మీ నాన్నకి పొట్ట స్కాన్ అన్నావు కదా, పరగడుపున తీసుకెళ్లాలా, టిఫిన్ పెట్టి తీసుకెళ్లాలా?"