నెయ్యి వెనక్కి తీసుకుంటే ఊరుకుంటామా

మొన్న లంచ్‌కి బెంగళూరు మారతహళ్ళిలో మేం ఎప్పుడూ వెళ్ళే ఆంధ్రా మెస్‌కి వెళ్ళాం, నేనూ మా టీంలో అనంతపురం కుర్రాడూ. అరిటాకు వేశారో లేదో మొదలెట్టాడు, "ఇదేం కతన్నా, అన్నేళ్ళు ఫ్రీగా ఇచ్చి, మనకి అలవాటు చేసి, ఇప్పుడు డెవలపర్‌కి ఏడాదికి 130 డాలర్లంట" అని. వాడి బాధ ఫ్లూయెంట్ అసర్షన్స్ గురించి. తెలియని వాళ్ళకి చెప్పాలంటే, డాట్‌నెట్ అంటే ప్రోగ్రాములు రాసుకోడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ప్లాట్‌ఫాం. అందులో మన కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే టెస్టులు రాసేటప్పుడు "ఈ విలువ ఇంత ఉండాలి" అని మామూలు వాక్యంలా రాసుకోడానికి వాడే లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, అది. 2025 జనవరిలో వచ్చిన 8వ వెర్షన్ నుంచి కంపెనీ పనికి వాడితే డబ్బులు కట్టాలి. మేం ఇన్నాళ్ళూ అప్‌గ్రేడ్ జోలికే వెళ్ళలేదు కాబట్టి మాకు తెలియలేదు, ఇప్పుడు పాత లైబ్రరీలన్నీ కొత్త వెర్షన్లకి మార్చమని పైనుంచి మెయిలొస్తే వీడు కూర్చుని లైసెన్స్ చదివాడు, చదివాక అన్నం సయించట్లేదు పాపం.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే 2011లో ఇదే మారతహళ్ళిలో, ముగ్గురు పడుకునే పీజీ రూంలో, ఇవే మాటలు నేనూ అన్నా.

అప్పటి సంగతి డాట్‌నెట్ రిఫ్లెక్టర్‌ది. ఇప్పటి పిల్లలకి పేరు కూడా తెలియకపోవచ్చు గానీ అప్పట్లో అది లేకుండా డాట్‌నెట్ వాడి మెషీన్ ఉండేది కాదు. లుట్జ్ రోడర్ అనే ఆయన రాసి ఊరికే ఇచ్చాడు. కంపైల్ అయిపోయిన డీఎల్ఎల్‌ని, అంటే మెషీన్ కోసం తయారై మనిషికి చదవడానికి రాని ఫైల్‌ని, అందులో పడేస్తే లోపలి కోడ్ మళ్ళీ మనం రాసే సీ షార్ప్ భాషలో కనపడేది. మా ప్రాజెక్టులో అయితే క్లయింట్‌కి మా కంటే ముందు పనిచేసిన వెండర్ సోర్స్ కోడ్ ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు, ఉన్నవి డీఎల్ఎల్‌లు మాత్రమే, నెల రోజులు పొద్దున్నుంచి రాత్రిదాకా రిఫ్లెక్టర్ ముందు కూర్చుని ఒక్కో క్లాసూ చదివి మళ్ళీ రాసుకున్నాం. నా మొదటి ప్రమోషన్ దాని పుణ్యమే. దానికి నేను కట్టింది సున్నా.

2008 ఆగస్టులో ఇంగ్లండ్ కేంబ్రిడ్జ్‌లో ఉండే రెడ్ గేట్ అనే కంపెనీ దాన్ని తీసుకుంది. తీసుకున్నప్పుడు ఫ్రీ వెర్షన్ అలాగే ఉంటుందని చెప్పారు. పక్కన ప్రో వెర్షన్ పెట్టి అమ్ముకుని దీని ఖర్చు లాగుదామని వాళ్ళ ఆలోచన, ఆ లెక్క తేలలేదు. 2011 ఫిబ్రవరి మొదట్లో చల్లగా చెప్పారు, ఇకమీదట 7వ వెర్షన్ నుంచి 35 డాలర్లు అని. ఒక్కసారి కడితే చాలు, ఏటేటా కాదు. అప్పుడు డాలర్ 45 రూపాయల చుట్టూ ఉండేది, అంటే పదహారు వందలు కూడా కాదు. శనివారం ఫోరం మాల్‌లో అంతకంటే ఎక్కువే తగలేసేవాళ్ళం.

అయినా ప్రపంచమంతా భగ్గుమంది. పైపైన చూసినవాళ్ళు పిసినారి డెవలపర్లు అన్నారు, కొంత నిజమే, కాదనను. కానీ అసలు మంట ఆ 35 దగ్గర లేదు. మన దగ్గర ఆల్రెడీ ఉన్న ఫ్రీ కాపీలు కూడా కొన్ని నెలల తర్వాత పనిచెయ్యవు అన్నారు చూడండి, అక్కడుంది. రిఫ్లెక్టర్‌లో ముందునుంచీ గడువు తేదీ ఉండేది, కొత్త వెర్షన్ వస్తే అప్‌డేట్ చేసుకోక తప్పేది కాదు, ఫ్రీగా ఉన్నన్నాళ్ళూ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. డబ్బులు అనేసరికి అదే గడువు మెడకి ఉచ్చులా కనపడింది.

మెస్‌లో ఇదే చెప్తున్నా వాడికి. సరిగ్గా అప్పుడే నెయ్యి గిన్నెతో అబ్బాయి వచ్చాడు. ఈ మెస్‌లో ఒకప్పుడు పప్పులోకి నెయ్యి ఎంతంటే అంత వేసేవాడు, కొన్నాళ్ళకి రెండోసారి అడిగితే 10 రూపాయలు అని బోర్డు పెట్టాడు. వారం రోజులు అందరం గొణిగాం, తర్వాత కొందరు 10 ఇచ్చారు, కొందరు మానేశారు, ఎవరూ కొట్టుకోలేదు. "రేపట్నుంచి నెయ్యికి డబ్బులు అంటే వ్యాపారంరా, ఆకులో వేసిన నెయ్యి గరిటతో వెనక్కి తీసుకుంటా అంటే ఊరుకుంటామా" అన్నా. వాడు కాసేపు ఆలోచించి "గరిటతో రాదన్నా, అన్నంలో కలిసిపోయుంటుంది" అన్నాడు. పాయింట్ అదే కదా, రిఫ్లెక్టర్ మా పని మొత్తంలో కలిసిపోయింది.

ఆ ఏడాది ఏప్రిల్‌కి రెడ్ గేట్ కొంచెం వెనక్కి తగ్గింది, అప్పటికే 6వ వెర్షన్ వాడుతున్నవాళ్ళు వాడుకోవచ్చు అంది. కానీ ఈలోపే జరగాల్సింది జరిగిపోయింది. షార్ప్‌డెవలప్ అనే ఐడీఈ, అంటే కోడ్ రాసుకునే టూల్, తయారుచేసే టీం రిఫ్లెక్టర్‌కి బదులుగా ఇల్‌స్పై మొదలెట్టేసింది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌తో సహా అందరికీ ఫ్రీ. జెట్‌బ్రెయిన్స్ వాళ్ళు డాట్‌పీక్, టెలరిక్ వాళ్ళు జస్ట్‌డీకంపైల్, రెండూ ఫ్రీగా వదిలారు. ఈ రోజు మైక్రోసాఫ్ట్ వాళ్ళ విజువల్ స్టూడియోలో సోర్స్ లేని క్లాస్ మీద ఎఫ్12 కొడితే కోడ్ విప్పి చూపిస్తుందే, ఆ ఇంజిన్ ఇల్‌స్పైదే. తిట్టుకుని వదిలేసినవాళ్ళం ఎంతోమందిమి, కూర్చుని రాసినవాళ్ళు గుప్పెడు మంది.

తర్వాత ఈ సినిమా చాలాసార్లు చూశాను. 2021 ఆగస్టు ఆఖర్న డాకర్ డెస్క్‌టాప్ వంతు, ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి డబ్బాల్లో పెట్టి మన మెషీన్‌లో నడిపే టూల్ అది, పెద్ద కంపెనీలు ఇక డబ్బులు కట్టాలన్నారు. వాళ్ళు తెలివిగా చేశారనే అంటాను, 250 మంది కంటే తక్కువ ఉండి కోటి డాలర్ల లోపు ఆదాయం ఉన్న చిన్న కంపెనీలకీ, సొంతానికి నేర్చుకునేవాళ్ళకీ ఫ్రీయే, మిగతావాళ్ళకి 2022 జనవరి ఆఖరుదాకా టైం ఇచ్చారు. మా అప్పటి ఆఫీసులో ఏం జరిగిందంటే, అందరూ తీసెయ్యండి అని మెయిలొచ్చింది, బదులు ఏం వాడాలో ఆ మెయిల్‌లో లేదు. అదే పని చేసే వేరే టూల్స్‌లో సగం మంది పాడ్‌మ్యాన్ అన్నారు, సగం మంది రాంచర్ అన్నారు, మ్యాక్ వాళ్ళు కొలీమా అన్నారు, రెండు వారాలు ఎవడి మెషీన్‌లో ఏం నడుస్తుందో ఎవడికీ తెలియదు. అప్పట్లో నెలకి మనిషికి ఐదు డాలర్ల నుంచి మొదలయ్యే దానికోసం. కానీ ఆ ఐదు డాలర్లు కొనిపించాలంటే మేనేజరు, ఆయన మేనేజరు, పర్చేజ్ వాళ్ళు, లీగల్ వాళ్ళు, ఒక ఎక్సెల్ షీటు. మన ఆఫీసుల్లో ఫ్రీ అంటే ధర లేదని కాదు, ఎవడినీ అడగక్కర్లేదని అర్థం. పెయిడ్ అనగానే మనకి పోయేది ఆ స్వేచ్ఛ, అందుకే అంత ఉక్రోషం.

2025 ఏప్రిల్‌లో ఆటోమ్యాపర్, మాస్‌ట్రాన్సిట్ అనే డాట్‌నెట్ లైబ్రరీలు రాసేవాళ్ళు కూడా ఇదే దారి అన్నారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాలేదు. రాత్రి పదకొండింటికి "ఇది పనిచెయ్యట్లేదు, అర్జెంట్" అని రాసే మనలాంటివాళ్ళకి ఏళ్ళ తరబడి మన దగ్గర పైసా తీసుకోకుండా జవాబిచ్చారు. ఫ్లూయెంట్ అసర్షన్స్ వాళ్ళు కూడా పాత 7వ వెర్షన్ ముట్టుకోలేదు, అది అలాగే ఓపెన్ సోర్స్‌గా వదిలేశారు. ఆకులో నెయ్యి ఆకులోనే ఉంది. అది చెప్తే మావాడు కొంచెం చల్లబడ్డాడు, "అయినా ఇన్నేళ్ళలో మనం వాళ్ళకేమన్నా పంపామా అన్నా" అన్నాడు. నేను గోంగూర పచ్చడి కలుపుకుంటూ వినపడనట్టు ఊరుకున్నా. ఇల్‌స్పైకి కూడా ఇంతవరకు రూపాయి పంపలేదు నేను.

ఆఫీసుకెళ్ళి లెక్కేశాం. ఆరుగురికి లైసెన్స్ ఒక వైపు, వేరే లైబ్రరీకి మారితే రెండు వేల పైచిలుకు టెస్టులు తిరగరాసే పని ఒక వైపు. రాసే పనే ఖరీదు ఎక్కువ, కానీ అది జీతంలోంచి పోతుంది కాబట్టి ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. రెండూ చెయ్యలేదు చివరికి. వాడు 7వ వెర్షన్ దాటి పోకుండా దాని నంబరుకి స్క్వేర్ బ్రాకెట్లు పెట్టి లాక్ చేసి, పైన తెలుగులో కామెంట్ రాశాడు, "దీన్ని కదపొద్దు, అన్న తిడతాడు" అని. నేను అప్రూవ్ కొట్టేశా.