వెనుక వరుస కాడమొక్కలు: పన్నెండు వారాల లెక్క

నీటిమొక్కలు పెంచే మా చేపల ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు ఉంటుంది. మట్టి, ఇసుక పోను సుమారు 60 లీటర్ల నీళ్లు పడతాయి. వెనుక అద్దం కనబడకుండా పచ్చదనం కమ్ముకోవాలన్న కోరికతో ఫిబ్రవరి మొదటి వారంలో నీట మునిగి నిలువు కాడలుగా పెరిగే మూడు రకాల కాడమొక్కలు తెచ్చాను: హైగ్రోఫిలా పాలీస్పెర్మా, దుకాణాల్లో అంబూలియా అని పిలిచే లిమ్నోఫిలా సెసిలిఫ్లోరా, రొటాలా రొటుండిఫోలియా. మూడూ మన దేశపు తడినేలల్లో సహజంగా పెరిగేవే. మన చెరువు గట్ల మీద ముళ్లతో కనిపించే నీరుగొబ్బి కూడా హైగ్రోఫిలా జాతిదే. మొదటి రెండింటినీ అమెరికా ప్రభుత్వం హానికరమైన కలుపు జాబితాలో చేర్చింది కనుక, అవి పెరుగుతాయా అన్న బెంగ నాకు ఎప్పుడూ లేదు. పెరిగిన తరువాత కింది సగం బోసిపోకుండా నిలపడం ఎలాగన్నదే నేను తేల్చుకోవాలనుకున్నాను.

అడుగున జల్లించిన తోటమట్టి ఒక అంగుళం, దానిపై కడిగిన ఏటి ఇసుక రెండు అంగుళాలు పరిచాను. హైదరాబాద్‌లో మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 680 ఉంటుంది. సగానికి సగం ఆర్‌ఓ నీరు కలిపితే 350 దగ్గర నిలిచింది. దీపం పగటి వెలుగులాంటి తెల్లని 6500 కెల్విన్ ఎల్‌ఈడీ, 20 వాట్లు. మొక్కలకు విడిగా కార్బన్ డయాక్సైడ్ ఇవ్వలేదు.

1–2 వారాలు: కట్టల చుట్టూ ఉన్న స్పాంజినీ సీసపు పట్టీనీ తీసివేసి, నలిగిన మొదళ్లను కోసి, లేత గులాబీరంగు పొటాషియం పర్మాంగనేట్ నీటిలో పది నిమిషాలు ఉంచి, ఒక్కొక్క కాడనూ రెండు వేళ్ల ఎడంతో నాటాను. కట్టను కట్టగానే గుచ్చితే మధ్య కాడలకు వెలుతురు అందక కుళ్లిపోతాయి. అంబూలియా వారం తిరిగేసరికి ఆకులన్నీ రాల్చి నన్ను కంగారు పెట్టింది గానీ, అది చావడం కాదు. నర్సరీలో నీటిపైన పెరిగినప్పుడు దాని ఆకులు వెడల్పుగా, రంపపు అంచులతో ఉంటాయి. నీట మునిగాక వాటిని వదిలేసి, కణుపు చుట్టూ చక్రంలా, సోయకూరను తలపించే సన్నని ఆకులు వేస్తుంది. ఒకే కాడ మీద కింద పాత ఆకు, పైన కొత్త ఆకు పక్కపక్కనే చూసినప్పుడు ఇవి రెండూ ఒకే మొక్కవంటే నమ్మబుద్ధి కాలేదు.

3–5 వారాలు: వెనుక అద్దానికి అతికించిన టేపు మీద కొలిస్తే హైగ్రోఫిలా వారానికి 7 సెంటీమీటర్లు, అంబూలియా 6, రొటాలా రెండున్నర చొప్పున పెరిగాయి. రోజుకు తొమ్మిది గంటల వెలుతురుకు ఆకుల అంచుల్లో వెంట్రుకల నాచు పట్టడంతో ఏడు గంటలకు తగ్గించాను. నాలుగో వారంలో హైగ్రోఫిలా ముదురు ఆకులకు గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు పడ్డాయి. ఇది పొటాషియం లోపానికి గుర్తు. ఎరువుల దుకాణంలో దొరికే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి వారానికి 10 మిల్లీలీటర్లు వేస్తున్నాను. ఆ ఒక గ్రాము నా ట్యాంకులో నైట్రేట్‌ను సుమారు 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పొటాషియంను 6 పీపీఎం పెంచుతుంది. పాత చిల్లులు పూడవు. రెండు వారాల తరువాత వచ్చిన ఆకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

6–8 వారాలు: కత్తిరింపులు ఇక్కడే మొదలయ్యాయి. ఎడమ సగంలో కాడలను సగానికి కోసి మొదళ్లను అలాగే వదిలాను. హైగ్రోఫిలాకు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి కోసిన చోట రెండు చిగుళ్లు వచ్చి పైభాగం గుబురెక్కింది, కానీ ఆ గుబురు నీడకే కింది ఆకులు పసుపు తిరిగి రాలాయి. కుడి సగంలో పాత కాడలను పీకేసి తలలనే, అంటే కోసిన పైభాగాలనే, నాటుదామని ఒకదాన్ని లాగితే, వేళ్లతో పాటు అడుగు మట్టి లేచి ట్యాంకు టీ రంగుకు మారింది. రెండు రోజులు ఫిల్టరు స్పాంజి కడగడంతోనే సరిపోయింది. అప్పటి నుంచి కాడను ఇసుక మట్టానికి కత్తిరించి, వేళ్లను మట్టిలోనే వదిలి, 15 సెంటీమీటర్ల తలకు కింది రెండు కణుపుల ఆకులు తీసి, పక్కనే పట్టకారుతో ఏటవాలుగా దింపుతున్నాను. నిటారుగా గుచ్చితే పట్టకారు తీయగానే పైకి తేలుతుంది. మట్టి వేసిన ట్యాంకుకు నా దృష్టిలో ఇదే సరైన పద్ధతి.

9వ వారం: ఏప్రిల్ వేడికి నీరు 31 డిగ్రీలకు చేరింది, నేను ఊరికి వెళ్లడంతో హైగ్రోఫిలా నీటిపైన చాపలా పరుచుకుంది. తిరిగొచ్చిన రాత్రి కరెంటు పోయి గాలి పంపు ఆగింది. తెల్లవారేసరికి గప్పీ చేపలన్నీ మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. చీకట్లో మొక్కలూ ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయన్న సంగతి తెలిసి కూడా పట్టించుకోకపోవడం నా తప్పే. చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తూ గంటసేపు నిలబడ్డాను. మూడు చేపలు పోయాయి. మరునాడే బ్యాటరీ పంపు తెచ్చాను. ఇప్పుడు నీటి ఉపరితలంలో మూడో వంతుకు మించి మొక్క పరుచుకోనివ్వడం లేదు.

10–12 వారాలు: ఒకేసారి అంతా కోయకుండా ఒక వారం ఎడమ మూల, తరువాతి వారం నడిమి భాగం, ఆపై కుడి మూల అని వంతులు పెట్టుకున్నాను. దాంతో ఎప్పుడు చూసినా మూడింట రెండు వంతుల వెనుక అద్దం కప్పబడే ఉంటోంది, అంబూలియా అయితే ఇసుక దాకా ఆకులతో ఉంది. రొటాలా మాత్రం గులాబీరంగు తిరగలేదు, అడుగున నాలుగు వేళ్ల మేర ఇంకా బోసిగానే ఉంది. దాన్ని నడిమి భాగానికి, దీపం నేరుగా పడే చోటికి మార్చే పని వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాను.