బరంపురం బ్యాండ్లకు ఈ ఏటి తీర్మానం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు సొంత పాటలు కట్టేవాళ్లు ఈ ఏడాది ఒక్క తీర్మానం చేసుకుంటే చాలు: జనం రాకముందే సౌండ్ చెక్, అంటే మైకులు, స్పీకర్ల శబ్దం సరిచూసుకోవడం, ముగించాలి.

చిన్న హాల్లో పాటను ఎక్కువగా చెడగొట్టేది కూత. స్పీకర్ శబ్దం మైకులో దూరి, మళ్లీ స్పీకర్‌లోంచి పెద్దదై వస్తుంటే అది పుడుతుంది. కాబట్టి మెయిన్ స్పీకర్లు మైకుల కంటే ముందు, జనం వైపు ఉండాలి. కార్డియాయిడ్ మైకు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) తన వెనకవైపు శబ్దాన్ని చాలా తక్కువగా పట్టుకుంటుంది. మానిటర్‌ని, అంటే పాడేవాళ్లకు తమ పాట వినిపించే స్పీకర్‌ని, సరిగ్గా అటే పెట్టండి. మైకు తలను అరచేత్తో కప్పి పాడితే ఆ గుణం పోతుంది. చూడ్డానికి బాగుంటుందని చాలామంది అలాగే పట్టుకుంటారు, దయచేసి మానండి. ఇంకా కూస్తే ఈక్వలైజర్‌లో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే సాధనం) కూసే ఫ్రీక్వెన్సీనే 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించాలి. ట్రెబుల్ మొత్తం కోసేస్తే మాట మసకబారుతుంది. తెలుగు, ఒడియా రెండూ వినే ఊళ్లో మాట స్పష్టంగా వినపడాల్సిందే.

కచేరీని రికార్డు కూడా చేస్తుంటే 24 బిట్ సెట్టింగ్‌లో, పీక్ (శబ్దం అత్యధిక స్థాయి) రికార్డర్ మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చేయండి. ఆరుబయట కచేరీ అయితే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదు; ఆఖరి పాట 9:30కే ఎత్తుకోండి.