రంగు వేయకుండా కణం లోతు చూశాను: హోలోగ్రఫిక్ మైక్రోస్కోప్‌తో నా అనుభవం

ఉల్లిపొరను నీటిచుక్కలో పెట్టి మామూలు మైక్రోస్కోప్‌లో చూస్తే కణాల గోడలు తప్ప లోపల పెద్దగా ఏమీ తెలియదు. అందుకే కాలేజీలో అయోడిన్ వేయిస్తారు. రంగు లేకుండా, కణానికి హాని చేయకుండా దాని మందం కూడా పట్టుకోవాలన్నది నా పీహెచ్‌డీ పని. అలా మా ల్యాబ్‌లో డిజిటల్ హోలోగ్రఫిక్ మైక్రోస్కోప్ కట్టడం మొదలుపెట్టాను.

632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, ఒకదాన్ని కణం గుండా, రెండోదాన్ని ఖాళీగా పంపిస్తాం. రెండూ కెమెరా మీద కాస్త ఏటవాలుగా కలిస్తే సన్నటి చారలు పడతాయి. ఆ చారల బొమ్మే హోలోగ్రామ్. హోలోగ్రఫీని కనిపెట్టిన డెనిస్ గాబర్ 1948లో ప్రకటించిన పద్ధతిలో రెండూ ఒకే దారిలో రావడంతో అసలు బొమ్మ మీద జంట బొమ్మ పడేది. 1962లో లీత్, ఉపాట్నియెక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రెండో కిరణాన్ని ఏటవాలుగా తెచ్చి ఆ చిక్కు విడదీశారు.

చారలు కదలకుండా నిలబెట్టడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. రెండు దారుల మధ్య 0.3 మైక్రాన్ల తేడా వస్తే చాలు, నల్ల చార ఉన్నచోటికి తెల్లది వచ్చేస్తుంది. ఏసీ గాలి తగిలినా, ఎవరైనా తలుపు గట్టిగా వేసినా స్క్రీన్ మీద చారలన్నీ ఒక పక్కకి జారిపోయేవి. చాలా టెన్షన్ పడ్డాను. ఏసీ ఆపి, అమరిక చుట్టూ అట్టపెట్టె కట్టి, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించాక కుదురుకున్నాయి.

సరిచూసుకోవడానికి ముందు ఎర్ర రక్తకణాలు పెట్టాను, వాటి కొలతలు అందరికీ తెలిసినవే కాబట్టి. హోలోగ్రామ్‌ని ఫోరియర్ రూపంలోకి, అంటే అందులో ఎంత సన్నటి చారలు ఎంతెంత ఉన్నాయో చూపే గణిత రూపంలోకి, మారిస్తే మధ్యలో పెద్ద మచ్చ, అటూ ఇటూ రెండు చిన్నవి కనిపిస్తాయి. పక్క మచ్చ ఒకదాన్ని కత్తిరించి, మధ్యకు జరిపి, తిరిగి బొమ్మగా మార్చాను. ఏడెనిమిది మైక్రాన్ల వెడల్పున్న కణం, అంచు ఎత్తుగా, నడుమ గుంటతో స్క్రీన్ మీద లేచింది! ఆ గుంట చూసి ఎంత సంతోషించానో చెప్పలేను.

ఉల్లిపొర దగ్గర ఫేజ్ (కణం గుండా వచ్చిన కాంతి తరంగం ఎంత వెనకబడిందో చెప్పే కోణం) 2π దాటి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. బొమ్మలో మెట్లు మెట్లుగా కనిపించే ఆ తెగిన చోట్లను ప్రోగ్రామ్‌తో అతికించాక గోడ పక్కన కేంద్రకం ఉబ్బు తేలింది.

ఈ పని మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట. ఒక హోలోగ్రామ్ ఇచ్చేది మందం, వక్రీభవన గుణకం (కాంతి ఆ పదార్థంలో ఎంత నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) చుట్టూ ఉన్న ద్రవంతో తేడా, ఈ రెండూ కలిసిన లెక్క మాత్రమే. రెండూ విడివిడిగా కావాలంటే కాంతి కోణం మారుస్తూ చాలా హోలోగ్రామ్‌లు తీసి కలపాలి. మందపాటి కణజాలంలో కాంతి చెదిరిపోతుంది కనుక సన్నటి కోతలతోనే మొదలుపెట్టండి.