ఇందాకే వేసింది గదా పాపా

సిరంజిలో 12 యూనిట్ల ఇన్సులిన్ తీసుకోని పొట్ట మీద చర్మం పట్టుకున్నా. పొదలకూరు నుంచి వచ్చిన పెద్దమ్మ నా చెయ్యి ఆపింది. "ఇందాకే వేసిపోయింది గదా పాపా, రాత్రి ఉన్న పిల్ల. మళ్లీ ఎందుకు?"

చూస్తే బొడ్డుకి ఎడంపక్క ఆవగింజంత నెత్తుటి చుక్క, ఎండిపోయి.

కేస్‌షీట్లో 7:30 గడి ఖాళీ. ఫోన్ చేస్తే నైట్ సిస్టర్ అప్పటికే ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ఆటోలో ఉంది. "వేశానక్కా. సంతకం పెట్టబోతుంటే పక్క బెడ్డాయనకి ఆయాసం వచ్చింది, పరిగెత్తినా." గొంతు వణికిపోతా ఉంది. ఆ పిల్లనేమంటాం? రాత్రంతా 26 మందికి ఒక్కతే.

పొద్దున డ్యూటీ అప్పగింత, అదే హ్యాండోవర్, మేమిద్దరం కౌంటర్ దగ్గరే కానిచ్చేశాం. "9వ బెడ్ షుగర్ పేషెంట్ అక్కా", అంతే. నేనూ అడగలేదు.

రేపట్నుంచి మంచం దగ్గరికే పోతా, కేస్‌షీట్ చేతిలో పెట్టుకోని. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ అయితే ఎంత, ఎన్నింటికి వేశారో నేను తిరిగి చదువుతా, డ్యూటీ దిగే సిస్టర్ అవునన్నాకే సంతకం. యూనిట్లు అని పూర్తిగా రాయమంటా. ఇంగ్లీషు యు ఒక్కటే గీస్తే సున్నాలా కనపడి 6 కాస్తా 60 అవుద్ది.

11 గంటలకి షుగర్ 142. పెద్దమ్మ ఇడ్లీ తిని పడుకోనుంది. నాకే ఇంకా చేతులు వణకతా ఉండాయి.